అగ్గిపుల్ల అక్కర్లేని ఇంజను

కార్తీక మాసం, మొదటి ఆదివారం, మందమర్రి. పొద్దున, ఎండ వరండాలోకి వచ్చాక. ఉన్నవారు: బాపు, అవ్వ, వర్క్‌షాప్ ఇంజనీరు సూర్యారావు గారు, పక్క క్వార్టర్ ఖాసిం చాచా, నేను. గాలి లేదు. ఈథర్ సీసా నీళ్ల కుండలో పెట్టి ఉంది.

ఆ రోజు డైరీలో నేను రాసుకున్న మొదటి వరుసలు ఇవి. మా వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ అంటాం. ఎవరెవరు ఉన్నారో ముందు రాసి, ఏం జరిగిందో తర్వాత రాయడం బాపు దగ్గర అబ్బిన అలవాటు. బొగ్గు గని దగ్గర లోపలికి ఎవరు దిగారో తేలాకే మిగతా మాట. ఆ అలవాటుతో జీవితమంతా డైరీలు నింపాను. చాలా పేజీల్లో వాన పడిందనీ, ఫలానా వాళ్లు వచ్చి వెళ్లారనీ తప్ప ఏమీ ఉండదు. వాటిని మళ్లీ తీయవలసిన పని మొన్నటి దాకా పడలేదు. మొన్న కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చదువుతున్న మా మనవరాలు స్రవంతి సెలవులకు వచ్చింది. అద్దాల బీరువా సర్దుతూ పై అరలోంచి ఒక చిన్న ఇంజనును కిందికి దించింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ముందు టేకు చెక్కతో చేసిన గాలి రెక్క, నెత్తిన తిప్పడానికి చిన్న అడ్డపుల్ల ఉన్న స్క్రూ. స్రవంతి దాన్ని అన్ని వైపులా తిప్పి చూసి, ఫోన్ దీపం పొగ రంధ్రంలోకి పెట్టి చూసి అడిగింది.

"తాతా, దీనికి ప్లగ్గు ఏది?"

"లేదు."

"మరి మంట ఎట్ల అంటుకుంటది?"

సైకిల్ పంపు తెచ్చి చూపిద్దామని లేచాను. ఇంట్లో సైకిల్ లేక చాలా కాలమైందని వరండా దాకా వెళ్లాక గుర్తొచ్చింది. తిరిగి వచ్చి నోటితోనే చెప్పాను. ఆమె తల ఊపింది, అర్థమైందంది. అంత త్వరగా అర్థం కావడం నాకెందుకో వెలితిగా తోచింది. అదే ప్రశ్న ఒకప్పుడు మా ఇంట్లో ఎండాకాలం నుంచి దీపావళి దాకా తిరిగింది. అన్నం దగ్గరా, కుళాయి దగ్గరా, మంచం మీదా దాన్ని గురించే మాట్లాడుకున్నాం.

మా బాపు మల్లయ్య కంపెనీ వర్క్‌షాప్‌లో టర్నరు. మా వైపు ఆ పనిని ఖరాదు పని అనేవారు. గిర్రున తిరిగే ఇనుముకు పదునైన ఉలి ఆనించి, ఉల్లిపొర మందాన చెక్కుతూ కావలసిన కొలతకు తెచ్చే పని. ఆయనకు ఇంట్లోనూ ఒక ఖరాదు యంత్రం ఉండేది. కరీంనగర్‌లో గడియారాలు, గ్రామఫోన్లు బాగుచేసే ఒక ముసలాయన దుకాణం ఎత్తేస్తుంటే తెచ్చుకున్నది. కుట్టుమిషన్ లాగే కాలితో తొక్కాలి. క్వార్టర్ వరండాలో వెదురు తడక చాటున, గోనె సంచి కప్పుకుని ఉండేది. మా ఇంటికి ఎవరు వచ్చినా ముందు ఆ మూల వాసన తగిలేది. పాత నూనె, తడి గోనె, ఇనుప రజను కలిసిన వాసన. వర్క్‌షాప్ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, చాయ తాగి, బాపు ఆ గోనె తీసేవాడు. పొరుగువాళ్ల బావి గిరకలూ, లాంతరు మూతలూ, ఒకసారి ఎవరిదో సన్నాయి పీక కూడా అక్కడ బాగుపడ్డాయి.

ఆ ఏడు ఎండాకాలం మా చిన్నాయన ఊళ్లో పెళ్లికి పోయినప్పుడు, పక్కకు ఒరిగిన కచ్చురం బండిని ఎత్తబోయి బాపు కుడిచేతి నడిమి వేళ్లు రెండూ ఇరుసు కింద నలిగాయి. పుండు మానింది గానీ వేళ్లు మళ్లీ వంగలేదు. మిషన్ మీద పెట్టకూడదని డాక్టరు రాశాడు. కంపెనీ బాపును లాంప్ రూంలో వేసింది. గనిలోకి దిగే వాళ్లకు దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకోవడం అక్కడి పని. అది తేలిక పని, నీడ పట్టున పని. ఖాసిం చాచాలాంటి వాళ్లు అదృష్టమన్నారు. బాపు మాత్రం ఇంటికి వచ్చాక గోనె తీయడం మానేశాడు. అవ్వ ఒకట్రెండు సార్లు దాని మీద వడియాలు ఎండబెట్టింది కూడా. బాపు చూసి ఏమీ అనలేదు. ఆ అనకపోవడానికే అవ్వకు భయం వేసిందట. చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పింది.

సూర్యారావు గారు గోదావరి జిల్లా మనిషి. దీపావళి దాటాక ఆయనకు బదిలీ. ముందునుంచే సామాను సర్దుకుంటుంటే ఒక చెక్కపెట్టె బయటపడింది. చదువుకునే రోజుల్లో ముచ్చటపడి ఇంగ్లండు నుంచి ఓడ మీద తెప్పించుకున్నారట. అందులో ఒక బొమ్మ డీజిల్ ఇంజనుకు కావలసిన పోత ముక్కలు, ఇనుప కడ్డీలు, ఒక నీలం డ్రాయింగు కాగితం ఉన్నాయి. ఆయన ఎన్నడూ మొదలుపెట్టలేదు. ఒకరోజు ఆ పెట్టె చంకన పెట్టుకుని లాంప్ రూం కిటికీ దగ్గరికి వచ్చి బాపుతో అన్న మాట బాపు మాకు ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు.

"డాక్టరు నీ వేళ్లు చూసి రాశాడు మల్లయ్యా. నేను నీ పని చూసి రాస్తాను. నేను వెళ్లేలోగా దీన్ని నడిపించి చూపించు."

ఆ పెట్టె చాలా రోజులు మంచం కింద ఉండిపోయింది. ఊడుస్తూ దాన్ని బయటికి లాగింది అవ్వ. మూత తీస్తే బూడిద రంగు గడ్డలు. అచ్చులో పోసినప్పటి ఇసుక వాటికి ఇంకా అంటుకునే ఉంది, అంచుల వెంబడి అప్పడం విరిగినట్టు పల్చటి రెక్కలు. వీటిలో ఇంజను ఎక్కడుందో నాకు కనిపించలేదు. ఖాసిం చాచా ఒక ముక్క చేతిలోకి తీసుకుని, "మల్లన్నా, గిది ఇంజనా, అల్లం దంచేదా?" అన్నాడు. బాపు దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని బొటనవేలితో నిమిరాడు. పోయి గోనె తీశాడు.

మెట్రిక్ పాసై, గుమస్తా ఉద్యోగం ఆర్డరు కోసం ఎదురుచూస్తూ నేను ఖాళీగా ఉన్నాను. డ్రాయింగు మీది ఇంగ్లీషు చదవడం నా వంతు. యంత్రం ముందు నిలబడటం కూడా నా వంతే అయింది. బాపు పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, నేను చేసేవాణ్ని. "నువ్వే పట్టరాదు బాపు" అంటే, కళ్లద్దాలు కనబడటం లేదనో, వెలుతురు చాలదనో ఏదో ఒకటి చెప్పేవాడు. చెయ్యి పనికొస్తుందో రాదో తేలిపోతుందని ఆయన భయం. స్టూలు మీద ఉన్నంతసేపూ అది తేలదు.

పోత ముక్కతో ఉన్న చిక్కు ఏమిటంటే దానికి తిన్నని వైపు ఒక్కటీ ఉండదు. దేన్ని ఆధారం చేసుకుని కొలవాలి? ఈ ప్రశ్న నన్ను రెండు రోజులు తిన్నది. బాపు అవ్వ తమలపాకుల డబ్బాలోంచి సున్నం తీసి, నీళ్లలో కలిపి ముక్కంతా పూయించాడు. ఎండాక తెల్లటి ఒంటి మీద సూదితో గీతలు గీయించాడు. "అన్ని వంకరున్నప్పుడు మొదాల ఒక్క మొకం చక్కగ చెయ్యాలె. ఇగ తక్కిన కొలతలన్ని దాన్నే అడగాలె" అన్నాడు. ఆ ఒక్క ముఖం చెక్కగానే లోపలి లోహం వెండిలా బయటపడింది. అల్యూమినియం చుట్టలు చుట్టలుగా రాలి నా కాళ్ల మీద పడుతుంటే వేడిగా చురచురమనేది. బరువైన కోతలకు నా ఒక్క కాలు చాలకపోతే అవ్వ వచ్చి తొక్కేది. వంట మధ్యలో, చేతికి పసుపుతోనే వచ్చి పీట వేసుకుని కూర్చునేది. కుట్టుమిషన్ తొక్కిన కాలు కదా, నాకంటే నిలకడగా తిప్పేది.

పనితో పాటు ఆ ప్రశ్న కూడా నడుస్తూనే ఉంది. ఇంజనులో నూనె మండాలి. మండాలంటే నిప్పు కావాలి. డ్రాయింగులో నిప్పు పెట్టే చోటు ఎక్కడా లేదు. గాలిని గట్టిగా నొక్కితే అదే వేడెక్కి నూనె అంటుకుంటుందని ఆ కాగితం చెబుతోంది. అది చదివి బాపు నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. ఆయన లాంప్ రూం మనిషి. గనిలోకి దిగే ప్రతి ఒక్కరి జేబులూ తడిమి అగ్గిపెట్టె లేదని తేల్చుకున్నాకే పంపే చోటు అది. లోపల గ్యాసు ఉంటే ఒక్క పుల్ల చాలు. అలాంటి మనిషితో అగ్గిపుల్ల లేకుండానే నిప్పు పుడుతుందంటే నమ్ముతాడా? నేను సైకిల్ పంపు తెచ్చి, మూతిని బాపు బొటనవేలితో మూయించి, గబగబా కొట్టాను. వేలు చురుక్కుమంది. బాపు వేలు తీసి చూసుకుని, మళ్లీ పెట్టి, మళ్లీ కొట్టమన్నాడు. తర్వాత అవ్వను పిలిచి ఆమె వేలు పెట్టించాడు. అవ్వ, "గాలికి గింత కోపమా?" అంది. ఆ సాయంత్రం ఖాసిం చాచా వేలు కూడా కాలింది. ఆ తర్వాత కొన్నాళ్ల పాటు బాపు లాంప్ రూం నుంచి కొత్త అనుమానంతో ఇంటికి వచ్చేవాడు. నొక్కితే వేడెక్కేది గాలేనా, ఇనుమా? రోలులో దంచినప్పుడు రోకలి ఎందుకు వేడెక్కుతుంది, అదీ ఇదీ ఒకటేనా? నాకు తెలిసినంత చెప్పేవాణ్ని, తెలియనిది తెలియదనేవాణ్ని. మేమిద్దరం అంతకుముందు అంతగా ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఈ ఇంజనుకు ప్రాణమంతా సిలిండరు, పిస్టను అనే రెండిటి మధ్య ఉంది. సిలిండరు గొట్టం, పిస్టను అందులో పైకీ కిందికీ ఆడే బిరడా. రెండిటి మధ్య నూనె పొర పట్టేంత సందు మాత్రమే ఉండాలి. గాలి జారిపోతే వేడి పుట్టదు, వేడి లేకపోతే నిప్పు లేదు. ఉలితో అంత సన్నం రాదు. అందుకని ఇత్తడి కడ్డీకి మెత్తటి సాన పొడి, నూనె రాసి గొట్టం లోపల తిప్పుతూ రుద్దాలి. వానాకాలమంతా రుద్దాను. అన్నం తిని రుద్దడం, చాయ తాగి రుద్దడం. పొడి మారుస్తూ, ఇంకా మెత్తనిది వేస్తూ, బాపు చూసి "ఇంకా" అనేవాడు. చివరకు ఒక మధ్యాహ్నం పిస్టనుకు నూనె రాసి, గొట్టం పై మూతిని అరచేత్తో మూసి, పిస్టనును లాగితే సీసా బిరడా ఊడినట్టు "టప్" మంది. బాపు దాన్ని పదే పదే లాగి విన్నాడు, అవ్వ వచ్చి అన్నం చల్లారిపోతోందని కోప్పడేదాకా. దసరా వెళ్లగానే ఇంజను బిగించి సూర్యారావు గారిని పిలుద్దామనుకున్నాం.

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున నేను పూలకు పోయాను. బాపు డ్యూటీలో ఉన్నాడు. పండగ పూట ఇంట్లో లోహమన్నది ఏదీ మురికిగా ఉండకూడదని అవ్వ నియమం. తాంబాళాలు, చెంబులు, బిందెలు అన్నీ పెరట్లో కుళాయి దగ్గర చింతపండుతో, ఇటుక పొడితో తోమడానికి కూర్చుంది. దసరా నాడు పనిముట్లకు పూజ కూడా ఉంది కదా. వరండాలో పలక మీద గుడ్డ కింద మా సిలిండరు కనిపించింది. మసకగా, బూడిద రంగులో ఉంది. అవ్వ దాన్ని కూడా తోమింది. బయటా లోపలా.

మేం వచ్చేసరికి అది తళతళ మెరుస్తూ పలక మీద నిలబడి ఉంది. బాపు దాన్ని ఎత్తి, ఒక కన్ను మూసి, లోపలి నుంచి ఆకాశం వైపు చూశాడు. నాకు ఇచ్చాడు. గొట్టం పొడవునా నిలువుగా గీతలు, పాలరాతి మీద మేకుతో గీసినట్టు.

"దీన్ని ఎవలు తోమిన్రు?" అన్నాడు బాపు.

"నేనే" అంది అవ్వ. గొంతులో కాస్త గర్వం ఉంది. "మీరిద్దరు వానకాలం సంది రుద్దుతనే ఉన్నరు గద. జరంత నేను రుద్దితే మీకు తక్కువైతదని."

బాపు స్టూలు మీద కూర్చున్నాడు. నేను అరవబోయాను, ఆయన చేత్తో ఆపాడు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. "లోపలికెల్లి ఎట్ల తోమినవే? చెయ్యి పట్టదు గద."

"కట్టెపుల్లకు కొబ్బరి పీచు సుట్టి తిప్పిన."

బాపు నా వైపు తిరిగి, "మనం ఇత్తడి కడ్డీ తోని చేసిందే చేసింది. ఉపాయం మంచిదే. పొడే మంచిది కాదు" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. అవ్వకు సంగతి తెలియడానికి మరి కొంతసేపు పట్టింది. సిలిండరు పోయిందంటే ఇంజను లేదు, ఇంజను లేదంటే వర్క్‌షాప్ లేదు. అది అర్థమయ్యాక ఆమె లేచి వంటింట్లోకి పోయింది. సాయంత్రం అందరూ బతుకమ్మలు ఎత్తుకుని పోతుంటే వంటింట్లోనే కూర్చుంది. బాపే పేర్చిన బతుకమ్మ తెచ్చి ఆమె ముందు పెట్టి, "పోయి ఆడిరా. గదాని ఫికర్ నాకున్నది, నీకెందుకు" అన్నాడు. అవ్వ వెళ్లింది గానీ త్వరగా వచ్చేసింది.

గీతలు పోవాలంటే గొట్టాన్ని మళ్లీ రుద్దాలి. రుద్దితే లోపలి సందు పెద్దదవుతుంది, ఉన్న పిస్టను వదులవుతుంది. కొత్త పిస్టను చేయాలి. పెట్టెలో వచ్చిన బీడు కడ్డీ ఒక్క పిస్టనుకే సరిపోయింది. మామూలు ఇనుము పనికిరాదు, పోత పోసిన బీడే కావాలి. వర్క్‌షాప్‌లో అడగొచ్చు. కానీ బాపు అడగనన్నాడు. లాంప్ రూం మనిషి వర్క్‌షాప్ గుమ్మంలో ముక్క కోసం చెయ్యి చాపి నిలబడటం ఆయనకు ఇష్టం లేదు. నేను రుద్దుతూ ఉన్నాను, రుద్దినకొద్దీ పిస్టను గలగలమంటోంది.

అవ్వ మూడు నాలుగు రోజులు మా మాటలు వింటూ తిరిగింది. బీడు ఎట్లా ఉంటుందని నన్ను అడిగింది. నల్లగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, సుత్తెతో కొడితే వంగకుండా విరుగుతుందన్నాను. కాసేపటికి ఒక వస్తువు తెచ్చి బాపు ముందు పెట్టింది. అది అద్దసేరు తూకం రాయి, అంటే సగం సేరుది. పేరుకు రాయి గానీ ఇనుప దిమ్మ. కిలోలు వచ్చి సేర్లు పోయాక, లక్సెట్టిపేటలో కిరాణా నడిపే మా మేనమామ పనికిరాని పాత రాళ్లలో ఒకటి అవ్వకు ఇచ్చాడు. చింతగింజలు కొట్టడానికి, పచ్చడి జాడీ మీద బరువు పెట్టడానికి వాడుకునేది.

బాపు ఆకురాయితో దాని మూల కాస్త రాపాడి, రాలిన పొడిని వేళ్ల మధ్య నలిపాడు. పెన్సిల్ ముక్కులా నల్లగా అంటింది. "బీడే" అన్నాడు. ఖాసిం చాచా తడక మీది నుంచి తొంగి చూసి, "వదినా, కిలో రాయి వెయ్యరాదు, ఇంజను జర ఎక్కువ తూగుతది" అన్నాడు. అవ్వ చాలా రోజుల తర్వాత నవ్వింది.

దాన్ని రంపంతో కోయడం ఒక యజ్ఞం. ముక్కలు చేసి, ఒకదాన్ని యంత్రానికి బిగించి నేను మొదలుపెట్టాను. బీడు చుట్టలుగా రాలదు, నల్లటి పొడిగా రాలుతుంది. ముక్కులోకి పోతుంది, చెమటకు అంటుకుంటుంది. కొలతకు దగ్గరపడ్డాక, ఇంకొక్క వెంట్రుక తీద్దామని ఉలి ఆనించాను. ఎక్కువ పోయింది. పిస్టను గొట్టంలో రాయిలా జారిపోయింది. రెండో ముక్క బిగించాను. ఈసారి భయపడి ముందే ఆగిపోయాను, ఆకారం ఒకవైపు లావుగా వచ్చింది. దీపావళి సామాను బజారుకు వచ్చేసింది. సూర్యారావు గారి ఇంట్లో పెట్టెలకు మేకులు కొడుతున్న చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. నేను మూడో ముక్క చేతిలోకి తీసుకుని నిలబడ్డాను.

"జరుగు" అన్నాడు బాపు.

అవ్వ చేస్తున్న పని ఆపి, ఎవరూ పిలవకుండానే వచ్చి పీట వేసుకుని తొక్కుడు పలక మీద కాలు పెట్టింది. బాపు ముక్కను బిగించాడు. వంగని రెండు వేళ్లూ గాల్లో చాపి ఉండగా, బొటనవేలికీ అరచేతి దిండుకూ మధ్య, ఉలిని జరిపే పిడిని పట్టుకున్నాడు. మొదట పిడి జారింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. అవ్వ కిందికే చూస్తూ తొక్కుతోంది. మూడోసారి ఆయన పట్టు మార్చాడు. చేతిని తిరగేసి, చిటికెన వేలు వైపు నుంచి తోశాడు. అట్లా పిడి తిప్పిన వాణ్ని అంతకుముందు గానీ తర్వాత గానీ నేను చూడలేదు. నల్ల పొడి సన్నగా, ఆగకుండా రాలడం మొదలైంది.

"మెల్లగ" అన్నాడు. అవ్వ కాలు నెమ్మదించింది. "జర జోరు." వేగం పెరిగింది. "ఆపు." ఆగింది. వేలితో నిమిరి, కొలిచి, మళ్లీ "తొక్కు" అన్నాడు. వాళ్లిద్దరూ చాలాసేపు ఆ నాలుగు మాటలే మాట్లాడుకున్నారు. నేను చేయగలిగింది పొడి తుడవడం ఒక్కటే. వాళ్లు ఒకే యంత్రానికి చెరో కొస లాగా కనిపించారు నాకు. చివరన ఒక వెంట్రుక మందం మిగిల్చి, బాపు ఆ ముక్కను తీసి నా చేతికిచ్చాడు. "ఇగ రుద్దుడు నీది. అవ్వకు ఇయ్యకు" అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున నేను డైరీలో పేర్లు రాసింది ఇంత జరిగాక. నూనె కలపడం కూడా ఒక తంతు. మూడు పాళ్లు: కిరోసిను, గానుగ ఆముదం, ఆసుపత్రి నుంచి సూర్యారావు గారు తెప్పించిన, ఇట్టే అంటుకునే మత్తుమందు ఈథరు. ఈథరు మూత తీయగానే ఇల్లంతా ఆసుపత్రి వాసన. ఇంజనును ఒక మొద్దుకు బిగించాం. బాపు ఇంజను నెత్తిన ఉన్న స్క్రూ పట్టుకుని కూర్చున్నాడు, గాలిని ఎంత నొక్కాలో అది చెబుతుంది. నేను రెక్కను వేలితో విసరాలి. విసిరాను. ఏమీ కాలేదు. మళ్లీ విసిరాను. రెక్క వెనక్కి తన్ని నా వేలి కణుపు మీద కొట్టింది. సూర్యారావు గారు తానూ ప్రయత్నించి దెబ్బ తిన్నారు. చెమటలు పట్టాయి. ఖాసిం చాచా జేబు తడుముకుని, "మల్లన్నా, అగ్గిపెట్టె ఇయ్యమంటవా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"వెనుకకు తన్నిందంటే లోపట అంటుకున్నట్టే గద" అన్నాడు బాపు, ఎవరితోనో కాదు, తనలో తాను. "ఎక్కువ నొక్కుతున్న నేను." స్క్రూను రవ్వంత వదులు చేశాడు. "ఇప్పుడు కొట్టు."

కొట్టాను. తుమ్మినట్టు ఒక చప్పుడు, తెల్లటి పొగ, ఆగిపోయింది. ఇంకోసారి. ఈసారి ఆగలేదు. కందిరీగల తుట్టె కదిలినట్టు ఒక కీచు మొదలై, బాపు స్క్రూ తిప్పుతున్నకొద్దీ సన్నబడి, పదునెక్కి, చెవులు గింగురుమనే అరుపైంది. రెక్క కనబడకుండా పోయి గాలి మాత్రం మిగిలింది. ఆ గాలికి అవ్వ చెరిగి పెట్టిన బియ్యం చాటలోంచి తౌడు లేచింది. వేడి ఆముదం చుక్కలు సూర్యారావు గారి తెల్ల చొక్కా మీద వరసగా పడుతున్నా ఆయన జరగలేదు. నూనె అయిపోయి అది ఆగేసరికి, కాలనీలో సగం మంది మా గేటు దగ్గర ఉన్నారు. అవ్వ దగ్గరకు వచ్చి వంగి, నిప్పు ఎక్కడుందోనని పొగ రంధ్రంలోకి చూసింది.

సూర్యారావు గారు చెవిలోంచి వేలు తీసి, "విప్పండి. పిస్టను చూడాలి" అన్నారు. నడుస్తున్న ఇంజనును విప్పమంటారేమిటని నేను బాపు వైపు చూశాను. బాపు మాత్రం అదేదో సహజమన్నట్టు స్పానరు తీసుకున్నాడు. ఇంకా కాలుతున్న పిస్టనును గుడ్డతో పట్టుకుని ఆయన ఎండలో తిప్పి తిప్పి చూశారు.

"ఇది ఎవరు తిప్పారు? నువ్వా, మీవాడా?"

"తక్కినయన్ని పోరడే సార్. గిది మాత్రం నేనే" అన్నాడు బాపు. అవ్వ వైపు తిరిగి, "తొక్కింది మా ఇంటామె" అన్నాడు.

ఆయన పిస్టనును బాపు అరచేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు చూశారు. "రేపు ఎనిమిదింటికి వర్క్‌షాప్‌కి వచ్చెయ్. డాక్టరుతో నేను మాట్లాడతాను" అని చొక్కా దులుపుకుంటూ వెళ్లిపోయారు.

ఇప్పుడు స్రవంతి కాలేజీలో ఒక యంత్రం ఉందట. కంప్యూటరులో కొలతలు రాస్తే అదే చెక్కుతుంది, వెంట్రుకలో వందో వంతు కూడా తప్పదు. నేను నమ్ముతాను, సంతోషిస్తాను కూడా. నాకే ఆ అవకాశం ఉంటే వానాకాలమంతా రుద్దేవాణ్నా? రుద్దేవాణ్ని కాదు. కానీ ఆ యంత్రం తప్పు చేయదు కనుక, దాని ముందు ఎవరూ ఎవరినీ "జరుగు" అనే పని ఉండదు. గాలికి కోపం వస్తుందని మా ఇంట్లో ముగ్గురి వేళ్లు కాలి తెలుసుకున్నాం. స్రవంతి ఒక్క వాక్యంలో తెలుసుకుంది. ఏది ఎక్కువ తెలియడమో నాకు తేలలేదు. ఈసారి ఆమె వచ్చేసరికి ఎక్కడైనా ఒక సైకిల్ పంపు సంపాదించాలి.

ఇంజను నడిచిన మర్నాడు సోమవారం. లాంప్ రూం వాళ్లు మొదటి షిఫ్టు గనిలోకి దిగకముందే అక్కడ ఉండాలి కాబట్టి మా ఇంట్లో పొయ్యి కోడి కూయక ముందే వెలిగేది. ఆ రోజూ అట్లాగే వెలిగింది. అవ్వ అలవాటు కొద్దీ లేచి అన్నం వండింది, బాపు అలవాటు కొద్దీ లేచి స్నానం చేశాడు. టిఫిను కట్టాక గానీ ఇద్దరికీ గుర్తు రాలేదు, వర్క్‌షాప్ ఎనిమిదింటికి కదా అని. బాపు ఉతికిన ఖాకీ అంగీ వేసుకుని, ఏం చేయాలో తెలియక వరండాలో కూర్చున్నాడు. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. ముందు లాంప్ రూం వాళ్లు పోయారు, తర్వాత షిఫ్టు వాళ్లు పోయారు, తర్వాత పాలవాడు వచ్చాడు. ఎండ తడక మీదికి వచ్చేసరికి అవ్వ టిఫిను డబ్బా విప్పి చూసి, చల్లారిపోయిందని ఆ అన్నం మా ఇద్దరికీ పెట్టి, మళ్లీ ఎసరు పెట్టింది. బాపు వద్దనలేదు. గుమ్మం దగ్గర నిలబడి, ఆ రెండో అన్నం ఉడికేదాకా ఆగి, పొగలు కక్కే డబ్బాను ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుని పోయాడు.